కర్నూలులో ఎస్‌ఎస్‌డీ వేయిస్తున్నారా? డబ్బులిచ్చే ముందే అది నడిచిన గంటలు చూడండి

పాత ల్యాప్‌టాప్ స్లో అయిందని హార్డ్‌డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) వేయించాలనుకునే మన కర్నూలు వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఊళ్లో ఒక షాపులో కొత్తదని చెప్పి, ఎవరో వాడి పక్కన పడేసిన ఎస్‌ఎస్‌డీ నాకు అంటగట్టారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

ఈ మోసం వెంటనే ఎందుకు బయటపడదంటే, అరిగిపోయిన ఎస్‌ఎస్‌డీ కూడా హార్డ్‌డిస్క్ ముందు గుర్రమే. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ చదివితే గొప్ప. అదే కనెక్షన్‌కు తగిలించే మామూలు సాటా రకం ఎస్‌ఎస్‌డీ 500 దాకా లాగుతుంది. బటన్ నొక్కగానే విండోస్ టక్కున వచ్చేస్తే ఇంకెవరికి అనుమానం వస్తుంది? మురిసిపోయి ఫోన్‌పే కొట్టేస్తాం.

ఇంటికొచ్చాక డ్రైవ్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. 'పవర్ ఆన్ అవర్స్', అంటే డ్రైవ్ ఇప్పటిదాకా నడిచిన గంటల దగ్గర 9,000 పైచిలుకు ఉంది. అంటే రాత్రీ పగలూ ఆపకుండా ఏడాదికి పైగా నడిచిన సరుకు! హెల్త్, అంటే మిగిలిన ఆయుష్షు, 71 శాతం. వెళ్లి అడిగితే "విండోస్ ఎక్కించేటప్పుడు గంటలు పెరుగుతాయి సార్" అన్నాడు. అరగంట పనికి తొమ్మిది వేల గంటలట. డబ్బా ఏదంటే చెత్తలో పోయిందన్నాడు. నా దగ్గరున్నది తెల్లచీటీ మీద రాసిచ్చిన ఎస్టిమేట్ ఒక్కటే, దాని మీద సీరియల్ నంబరు కూడా లేదు.

మీరు మాత్రం సీలున్న డబ్బాను కళ్లెదుటే తెరిపించండి. బిగించాక ఆ సాఫ్ట్‌వేర్ అక్కడే వేయించి గంటలు చూడండి, కొత్తదానికి అంకె సున్నా దగ్గర్లోనే ఉంటుంది. కొందరు ఘనులు ఆ లెక్కనూ చెరిపేస్తారు కాబట్టి, సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటి దాకా ఉందో కూడా చూసుకోండి. జీఎస్టీ బిల్లు మీద ఆ నంబరు రాయించుకోండి. బిల్లు ఇస్తే రేటు పెరుగుతుందని ఎవరైనా అంటే అక్కడ కొనకండి.

ఇంకో సంగతి. "పాత హార్డ్‌డిస్క్‌తో మీకేం పని, ఇక్కడే వదిలేయండి" అంటారు. వదలొద్దు. క్విక్ ఫార్మాట్ కొట్టినా అందులోని ఆధార్ స్కాన్లు, ఇంటి ఫోటోలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ బయటికి తీయొచ్చు. హార్డ్‌డిస్క్‌ను బయటి నుంచి ల్యాప్‌టాప్‌కు తగిలించే యూఎస్‌బీ కేసింగ్ ఒకటి కొని అందులో పెట్టుకుంటే బ్యాకప్‌కు పనికొస్తుంది.

ఇలాగే మోసపోయిన వాళ్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. గంటలు కనిపించే స్క్రీన్ ఫోటో, డబ్బులు పంపిన రసీదు దగ్గర పెట్టుకోండి. నేను అవే పంపాను.