టాస్క్ యాప్‌కి ఏడాది డబ్బులు ముందే కట్టేస్తున్నారా? కాస్త ఆగండి

టాస్క్ మేనేజ్‌మెంట్ యాప్‌కి ఏడాది ప్లాన్ తీసుకుందామనుకుంటున్న చిన్న షాపులవాళ్లు, బొటిక్‌లవాళ్లు, క్యాటరింగ్‌వాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఇది చదివి, ఆ తర్వాత కార్డు బయటికి తీయండి. యాప్ పేరు చెప్పట్లేదు, రిఫండ్ గొడవ ఇంకా నడుస్తోంది. పేరు చెప్పినా పెద్ద ప్రయోజనం లేదు, ఇవే తిప్పలు ఇంకో యాప్‌లోనూ ఎదురు కావచ్చు.

మాది విజయవాడలో బ్లౌజులు, లెహంగాలు కుట్టే బొటిక్. కటింగ్ మాస్టర్, ఇద్దరు టైలర్లు, మగ్గం వర్క్ చేసే ఇద్దరు, నేను, మొత్తం ఆరుగురం. శ్రావణం వచ్చిందంటే ఒక్కో బ్లౌజు నాలుగు చేతులు మారుతుంది, ఏది ఎవరి దగ్గరుంది, ముహూర్తం ఎప్పుడు, ట్రయల్‌కి ఎప్పుడు రమ్మన్నాం అన్నది నోటుబుక్కులో ఆగట్లేదని యాప్ వైపు వెళ్లాం. డెమో మాత్రం బ్రహ్మాండం. రంగురంగుల బోర్డులు, ఎవరు ఎంత పని చేశారో గ్రాఫులు. మా మాస్టర్‌కి గ్రాఫులెందుకండీ, సాయంత్రానికి ఏ జాకెట్టు అయిపోవాలో ఫోన్ మోగి చెబితే చాలు.

మొదటి దెబ్బ రేటు దగ్గరే తగిలింది. పెద్ద అక్షరాల్లో కనబడేది మనిషికి నెలకి ఇంత అని, దాని కింద సన్నగా ఏడాదికి ఒకేసారి కడితేనే ఆ రేటు అని. పైగా సీట్లు, అంటే ఒక్కో మనిషి వాడుకోవడానికి ఒక్కోటి, ఐదేసి చొప్పున అమ్ముతారు. మేం ఆరుగురం కాబట్టి పది సీట్లు కొనాల్సిందే, నాలుగు ఊరికే ఖాళీగా పడున్నాయి. ఆఖరి పేజీలో 18 శాతం జీఎస్టీ వచ్చి కలిసింది, మొత్తం తడిసి మోపెడయింది. మీరు మాత్రం చివరి పేజీ దాకా వెళ్లి, కట్టాల్సిన మొత్తాన్ని మీ దగ్గర నిజంగా పనిచేసే మనుషుల సంఖ్యతో భాగించి చూడండి, అప్పుడు తెలుస్తుంది అసలు రేటు.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు గొడవంతా రిమైండర్లతో. యాప్‌ని వాడి చూసే ట్రయల్ రోజుల్లో నా ఫోన్‌లో టంచనుగా మోగేవి. వర్కర్ల ఫోన్లలో పెట్టాక మొదలైంది. తెనాలి పెళ్లివాళ్ల బ్లౌజు ఒకటి ఉంది, మగ్గం అయిపోయింది, హుక్కులు, లట్కన్లు మిగిలాయి. సాయంత్రం ఐదింటికి రావాల్సిన అలర్ట్ మర్నాడు పొద్దున మాస్టర్ యాప్ తెరిచాక టింగ్ మంది. అప్పటికే వాళ్ల మనిషొచ్చి బ్లౌజు ఉన్నదున్నట్టు పట్టుకెళ్లిపోయాడు, పెళ్లికూతురి పిన్ని విడిదిలో కూర్చుని హుక్కులు కుట్టిందట. ఆ తర్వాత ఫోన్‌లో ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

కస్టమర్ కేర్‌ని అడిగితే అది మీ ఫోన్ల సమస్య అని చేతులు దులుపుకున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి మనం విడిగా అనుమతి ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 14 ఫోన్లో కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకి సరిగ్గా టైముకి అలారం మోగించే అనుమతి మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది, స్పెషల్ యాప్ యాక్సెస్‌లోకి వెళ్లి అలారమ్స్ అండ్ రిమైండర్స్ ఆన్ చేయాలి. ఇదంతా నేను నానా తంటాలు పడి తెలుసుకున్నాను. నా కోపమల్లా ఒకటే, రిమైండర్లే అమ్ముకుని బతికే యాప్ ఈ మాట మొదటి రోజే స్క్రీన్ మీద ఎందుకు అడగదు? సరిగ్గా తయారుచేసిన యాప్‌లు అడుగుతాయి. అందుకే ట్రయల్ మీ ఫోన్‌లో కాదు, మీ షాపులో అన్నిటికంటే చవక ఫోన్ ఎవరిదో దాంట్లో పెట్టండి, స్క్రీన్ ఆపి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మోగేలా ఒక రిమైండర్ పెట్టి చూడండి.

ఇక మానేద్దాం అనుకున్నాక ఇంకో కథ. మా డేటా మాకివ్వండి అంటే సీఎస్‌వీ ఫైల్ (పట్టికలోని డేటాని కామాలతో విడదీసి రాసే మామూలు ఫైల్) ఇచ్చారు. ఎక్సెల్‌లో తెరిస్తే కస్టమర్ల పేర్లున్న చోట వంకర గీతలు పెట్టిన ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు, ఒక్క తెలుగు ముక్క లేదు. గుండె ఆగినంత పనైంది. అయితే దీనికి టెన్షన్ పడక్కర్లేదు, డేటా పోలేదు, ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 (తెలుగు లాంటి అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతి) అని గుర్తుపట్టలేదంతే. గూగుల్ షీట్స్‌లోకి ఇంపోర్ట్ చేస్తే తెలుగు శుభ్రంగా వచ్చేసింది. ఎక్సెల్‌లోనే కావాలంటే ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయకుండా డేటా ట్యాబ్‌లోంచి తెచ్చుకుని యూటీఎఫ్-8 ఎంచుకోవాలి.

పోయింది వేరే. ఆర్డర్ పేరు, తేదీ వచ్చాయి. కింద కామెంట్లలో రాసుకున్న మార్పులు, అంటే చేతి పొడవు అరంగుళం తగ్గించమన్నారు, వెనక మెడ లోతు పెంచమన్నారు లాంటివి, ఒక్కటీ రాలేదు. డిజైన్ ఫొటోల బదులు లింకులు వచ్చాయి, అకౌంట్ మూసేస్తే ఆ లింకులూ పనిచేయవు. కొలతలు, ఫొటోలే కదండీ మా వ్యాపారం! మా అమ్మాయి కూర్చుని ఒక్కో ఫొటో చేత్తో దించింది. మీరు ట్రయల్‌లోనే రెండు మూడు ఆర్డర్లు తెలుగులో రాసి, ఫొటో పెట్టి, కామెంట్ రాసి, ఎక్స్‌పోర్ట్ కొట్టి, ఏం బయటికొస్తుందో చూసుకోండి. పెద్ద కంపెనీ కదా మనకేం అనుకోవద్దు. బెర్లిన్‌లో పుట్టిన టాస్క్ యాప్ వండర్‌లిస్ట్‌ని ఎంతమంది వాడేవాళ్లో, 2015లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, 2020 మే 6న మూసేసింది. వాళ్లు కనీసం తమ సొంత టు డూ యాప్‌లోకి డేటా మార్చుకునే దారి ఇచ్చారు, అందరూ ఇస్తారన్న గ్యారంటీ ఏముంది?

చందా రద్దు కూడా అంత తేలిగ్గా కాలేదు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోదు, ఇది చాలామందికి తెలియదు. ప్లే స్టోర్ ద్వారా కట్టినవాళ్లు ప్లే స్టోర్‌లోనే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి ఆపుకోవచ్చు. మాలాగా వెబ్‌సైట్‌లో నేరుగా కడితే అక్కడే ఆపాలి, ఆ బటన్ నొక్కితే మాకు చాట్ తెరుచుకుంది, చాట్‌లో ఆఫర్లు, ఆ తర్వాత మా మేనేజర్ ఫోన్ చేస్తారు అనడం. ఆ ఫోన్ రానే లేదు. ఇలాంటి వేషాలకే 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాడేవాళ్లని మాయచేసే 13 రకాల డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, చందా ఆపనివ్వకుండా తిప్పడం అందులో ఒకటి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు, నేను పెట్టాను. రద్దు పేజీలో ప్రతి స్క్రీన్‌కీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇంకో సంగతి, రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డు నుంచి ఆటోమేటిగ్గా డబ్బు తీసేముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, అది అడ్వర్టైజ్‌మెంట్ అనుకుని తుడిచేయకండి. 15,000 రూపాయల లోపు అయితే రెన్యువల్‌కి ఓటీపీ కూడా అడగదు. యూపీఐ ఆటోపే అయితే మీ యూపీఐ యాప్‌లోనే మ్యాండేట్ (డబ్బు దానంతటదే తీసుకోమని మనమిచ్చిన అనుమతి) రద్దు చేసేయండి.

ఎవరికి ఏది సరిపోతుందంటే, ఒక్కరే పని చేసుకునేవాళ్లకి గూగుల్ టాస్క్స్, మైక్రోసాఫ్ట్ టు డూ లాంటి ఉచితమైనవి చాలు, డబ్బు కట్టే పని లేదు. మాలాగా ఒక వస్తువు చేతులు మారే చోట పని ముందుకెళ్లేకొద్దీ కార్డుని ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి జరిపే ట్రెల్లో తరహా బోర్డు బాగుంటుంది. ఇప్పుడు మేం ఉచిత బోర్డు ఒకటి వాడుతున్నాం, కటింగ్, మగ్గం, కుట్టు, ఫినిషింగ్ అని నాలుగు వరుసలు. ముహూర్తం ఉన్న బ్లౌజులకి మాత్రం మాస్టర్ ఫోన్‌లో మామూలు అలారమే పెడుతున్నాం. ఫొటోలు, కామెంట్లతో సహా డేటా మొత్తం బయటికిచ్చే యాప్ మీలో ఎవరైనా నిజంగా వాడుతుంటే చెప్పండి, మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేలోపు మార్చుకుంటాను.