మా మిద్దె మీద స్పానిష్ లావెండర్, రెండేళ్లు దాటాక

విజయవాడ ఎండలకి లావెండర్ బతకదు అని నాకు చెప్పని వాళ్లు లేరు, నర్సరీ అతనే "గ్యారంటీ మాత్రం అడక్కండి మేడమ్" అన్నాడు. 2023 నవంబర్‌లో మూడు మొక్కలు తెచ్చుకున్నా. ఎండకి ఒక్కటి కూడా పోలేదు. పోయింది వానకి. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే నా రెండు మొక్కలు నాకు మిగిలేవి, అందుకే కూర్చుని ఇంత రాస్తున్నా.

ముందు ఒక మాట, లావెండర్ అని అమ్మేవన్నీ ఒకటే కాదు. పూల కంకి పైన కుందేలు చెవుల్లా వంకాయ రంగు రేకులు నిక్కి ఉంటే అది స్పానిష్‌ది, ఆకు అంచు రంపం పళ్లలా ఉంటే వేరే రకం. ఇంగ్లిష్ లావెండర్ కంటే ఇది మన ఉక్కపోతకి కాస్త ఆగుతుంది. కాస్తే.

2024 ఆగస్టు 31న పట్టుకున్న వాన విజయవాడ వాళ్లెవరూ మర్చిపోరు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది, మా పిన్ని వాళ్లిల్లు అక్కడే, పడవ ఎక్కి బయటపడి కట్టుబట్టలతో మా ఇంటికొచ్చారు, రెండు మూడు వారాలు మాతోనే ఉన్నారు. మా వీధిలోకి నీళ్లు రాలేదు గానీ ఆ గాభరాలో మిద్దె ఎక్కే తీరికెవరికుంది. నేను పైకెళ్లేసరికి తొమ్మిదో రోజో పదో రోజో అయింది. ఎండ కాస్తోంది, రెండు మొక్కలు కొమ్మల చివర్లు వేలాడేసి ఉన్నాయి. అయ్యో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో అనుకుని రెండేసి చెంబులు పోశా. మర్నాటికి ఇంకా వాలిపోయాయి, మళ్లీ పోశా. మూడో రోజు ఆకులు బూడిద రంగుకి తిరిగి ముట్టుకుంటే రాలిపోతున్నాయి. మొదలు పట్టుకుని లాగితే బలం పెట్టకుండానే చేతిలోకి వచ్చేసింది, వేళ్లు కాఫీ పొడి రంగులో ఉన్నాయి, రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పై పొర జారిపోయి లోపల దారంలాంటిది మిగిలింది, మురుగు వాసన. ప్లాస్టిక్ కుండీ కింద ప్లేటులో ఇంకా నీళ్లున్నాయి. ఆ ప్లేట్లు మిద్దె మీద మరకలు పడకూడదని నేనే ఏరి ఏరి కొన్నవి. వేరుకుళ్లు పట్టిన మొక్క కూడా నీళ్లు లేనట్టే వాడిపోతుంది, వేళ్లు చచ్చాక మట్టిలో ఎంత తడి ఉన్నా పైకి ఎక్కదు, ఇది నాకు అప్పుడు తెలీదు.

మూడోది మాత్రం నిక్షేపంలా ఉంది. జూన్‌లో ట్యాంక్ కడగడానికొచ్చిన అబ్బాయి చేతిలోంచి పైపు జారి దాని మట్టికుండీ మీద పడితే అడుగు నుంచి జానెడు పగులు ఇచ్చింది, కుండీ మార్చాలిలే అని మెట్లగది పక్కకి నెట్టేసి వదిలేశా. అక్కడ పైన కప్పేమీ లేదు, దాని మీదా అదే వాన పడింది, పడిన నీళ్లు పడినట్టే పగుల్లోంచి పోయాయి. పిన్ని ఒక సాయంత్రం పైకొచ్చి దాని ఆకు నలిపి "కర్పూరంలా ఉందేంటే ఇది" అంది. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ రోజూ ఒక రెమ్మ కోసుకెళ్లి దిండు పక్కన పెట్టుకునేది, ఆ బురద వాసన ముక్కులోంచి పోవట్లేదమ్మా అనేది.

వాసన గురించి మొదటి చలికాలం నేను కనిపించిన వాళ్లందరికీ తెగ చెప్పా, మిద్దె ఎక్కితే చాలు ఘుమఘుమ అని. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్తా. మల్లెలాగా దానంతటది గాలిలోకి వదలదు, ఆకు నలపాలి, లేదా పక్కనుంచి వెళ్తుంటే చీర కొంగు రాసుకోవాలి. సబ్బుల్లో వచ్చే ఆ తీపి లావెండర్ వాసన కూడా కాదు, కర్పూరం, దవనం కలిపినట్టు ఘాటుగా ఉంటుంది, నాకైతే అదే ప్రాణం. టీలో, కేకుల్లో వేసుకుందామనుకునే వాళ్లకి కావాల్సింది ఇంగ్లిష్‌ది, ఇది కాదు. యునానీలో ఉస్తుఖుద్దూస్ అని వాడేది ఈ మొక్కనే, అది హకీం చూసుకోవాల్సిన సంగతి. పూలు కూడా మా ఇంట్లో సంక్రాంతి ముందు నుంచి మార్చి దాకానే, మిగతా ఏడాదంతా బూడిద పచ్చ పొద, అంతే. ఎండకి పోలేదన్నా గానీ మొదటి వేసవి కొమ్మల చివర్లు మాడాయి, రెండో వేసవి రోహిణి కార్తెలో మధ్యాహ్నాలు గ్రీన్ నెట్ కట్టా.

ఇప్పుడు అన్నీ మట్టికుండీలే, అడుగున మూడు కన్నాలు, కింద ఇటుకలు, ప్లేట్లు లేవు. నర్సరీ నుంచి వచ్చిన కొకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ముద్దని వేళ్లు తెగకుండా నెమ్మదిగా దులిపేసి ఎర్రమట్టి, గరుకు ఇసుక, చితక్కొట్టిన ఇటుక ముక్కలు సమానంగా కలిపి ఒక గుప్పెడు వర్మీకంపోస్ట్ వేస్తా. నల్లరేగడి మట్టి అస్సలు వద్దు. లావెండర్‌కి సున్నమో గుడ్డుపెంకుల పొడో వెయ్యమని చాలామంది చెప్తారు, అది ఇంగ్లిష్‌దానికి సరే, స్పానిష్‌దానికి సున్నం పడదు. వేలు రెండు కణుపులు దింపితే పొడిగా తగిలితేనే నీళ్లు, వానాకాలం నాలుగు నెలలూ మెట్లగది సన్‌షేడ్ కిందే. పూలయ్యాక మూడో వంతు కత్తిరిస్తా, ఆకులున్న పచ్చ కొమ్మ వరకే, ఒకసారి కిందకి గోధుమ రంగు చెక్క దాకా కోశా, ఆ కొమ్మ మళ్లీ చిగురేస్తే ఒట్టు.

2024 నవంబర్‌లో ఆరు కటింగ్స్ ఇసుకలో గుచ్చితే నాలుగు వేళ్లు వేశాయి, పోయిన వానాకాలం నా దగ్గరున్నవేవీ పోలేదు. కొనుక్కోమంటావా అంటే, మా మిద్దెకి తూర్పు, దక్షిణం రెండు వైపులా అడ్డు లేదు, నేను పొద్దున్నే పైకెళ్తా, అందుకు నాకు కుదిరింది. గుంటూరులో మా ఆడపడుచుకి ఇచ్చిన కటింగ్ అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆకులైతే బాగానే వేసింది, ఒక్క పువ్వు పుయ్యలేదు, తనకి ఎండ రెండు గంటలే వస్తుంది. సింగ్‌నగర్‌లో పిన్ని డాబా మీద పెట్టింది మాత్రం ఈ జనవరిలో మొదటి కంకి వేసింది. ఆ పగిలిన కుండీలో మొక్క ఇంకా అందులోనే ఉంది, మార్చడానికి నాకు చెయ్యి రావట్లేదు.