మియాటా వెనుక ప్లాస్టిక్ అద్దం, నాలుగు సీసాల పాలిష్

నేను కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో 2014లో కొన్న మాజ్డా మియాటా 1994 నాటిది, గుడ్డ టాప్‌ను మడిచి దించుకునే చిన్న కారు. ఇంజను బాగుంది, రంగూ బాగుంది. వెనుక అద్దం మాత్రం గంజిలో ముంచి ఆరేసినట్టు ఉంది. అద్దం అంటున్నాను గానీ గాజు కాదు. ఈ మొదటి తరం మియాటాలకు గుడ్డ టాప్‌లో జిప్పుతో బిగించిన వినైల్ షీటు ఉంటుంది. మన ఆటోల వెనుక పచ్చబడిపోయి, అవతల ఏముందో తెలియనివ్వని ప్లాస్టిక్ కిటికీని చూసినవారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. చీకటి పడితే వెనుక వచ్చే కార్ల లైట్లు దూది ఉండల్లా కనిపించేవి. రోడ్డు మీద లేన్ మారాలంటే సగం భారం పక్క అద్దాల మీద, మిగతా సగం దేవుడి మీద.

అప్పుడు మొదలుపెట్టి ఇప్పటికీ వాడుతున్నది మెగ్వయర్స్ వారి ప్లాస్ట్ఎక్స్. క్రీములాంటి పాలిష్, 296 మిల్లీలీటర్ల సీసా. ఏడాదికి రెండుసార్లు వాడితే నాకు ఒక్కో సీసా మూడేళ్ల దాకా వస్తోంది. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది.

పాలిష్ పెట్టడం కంటే ముందు కడగడమే అసలు పని. షీటు మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా, మీరు రుద్దేది పాలిష్‌తో కాదు, గరుకు కాగితంతో. మొదట నీళ్లు ధారగా పోసి, కారు షాంపూ నురుగుతో మెత్తగా తుడిచి, మళ్లీ నీళ్లు పోస్తాను. కారు నీడలోనే ఉండాలి, షీటు చేతికి చల్లగా తగలాలి. లోపలి వైపు మడతపెట్టిన తువ్వాలు ఆనించి, ఎడమ చేత్తో అదిమి పట్టుకుంటాను. లేకపోతే షీటు వెనక్కి వంగిపోయి ఒత్తిడి సమంగా పడదు. రూపాయి బిళ్లంత క్రీము మైక్రోఫైబర్ బట్ట మీద వేసుకుని, అరచేయంత మేర తీసుకుని రుద్దుతాను. కాసేపటికి బట్ట మీద పసుపు చార కనబడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు కలిగిన సంతోషం, నల్లబడిన ఇత్తడి చెంబును చింతపండుతో తోమినప్పటిదే. అవతలి వైపు కూడా ఇలాగే. మొత్తం గంటన్నర పడుతుంది, మర్నాడు భుజం గుర్తుచేస్తుంది.

ఫలితం? మసక దాదాపు పోయింది. దూది ఉండలు మళ్లీ హెడ్‌లైట్లయ్యాయి. పసుపు మాత్రం తగ్గిందే గానీ పోలేదు. ఎందుకంటే మసక పైపొరలోది. సన్నని గీతలు వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చేది. రుద్దితే ఆ పొర నునుపవుతుంది. పసుపు సంగతి వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌నే మార్చేస్తాయి, లోపల పట్టిన రంగు ఏ క్రీముకూ అందదు. మడతల దగ్గర పడిన తెల్లటి పగుళ్లూ అంతే. వాటి మీద పాలిష్ పెడితే క్రీము పగుళ్లలో దూరి ఎండి, మరింత తెల్లగా కనిపిస్తుంది. అదొక వెక్కిరింత.

చేసిన తప్పులూ చెప్పాలి. మొదటి నెలలో ఇంట్లో కిటికీలు తుడిచే అమోనియా ద్రవం చల్లి, వంటింటి కాగితంతో తుడిచాను. అమోనియా వినైల్‌కు పడదు, కాగితం గీతలు పెడుతుంది, రెండూ ఒకే రోజున తెలుసుకున్నాను. ఇంకోసారి పని త్వరగా తెముల్తుందని డ్రిల్లుకు స్పాంజి తగిలించి తిప్పాను. పది సెకన్లలోనే వేడికి షీటు మెత్తబడి, ఒక మూల చెరువు నీటిలా అలలు తేలింది. ఆ మూల మళ్లీ బాగుపడలేదు.

ఆ అద్దం 2018 జనవరిలో పోయింది. తప్పు నాదే. చలి ఉదయం ఎండ కనబడగానే ఉత్సాహపడి, జిప్పు తీయకుండా టాప్ దించేశాను. చలికి బిరుసెక్కిన ప్లాస్టిక్ అప్పడంలా చిట్లింది. అలా చేయకూడదని ఈ కారున్న ప్రతివారికీ తెలుసు, నాకూ తెలుసు.

కొత్త షీటు వేయించాక పద్ధతి మార్చుకున్నాను. టాప్ దించే ముందు జిప్పు తీసి, షీటును చదునుగా పరిచి, మీద పాత కాటన్ దుప్పటి ముక్క వేస్తాను. బయట ఆపితే అద్దానికి గుడ్డ కప్పుతాను, శాక్రమెంటో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. బ్రష్షులు తిరిగే కార్‌వాష్ వైపు వెళ్లను. పాలిష్ మాత్రం ఏడాదికి ఆ రెండుసార్లే. అది కూడా రుద్ది తీసేదే కదా, నెలనెలా తోమితే షీటు అరిగిపోతుంది.

ఏడేళ్లు దాటినా ఆ షీటు లోంచి వెనుక కారు నంబరు చదవగలుగుతున్నాను. కాబట్టి మసకబారిన అద్దానికైతే ఈ పాలిష్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తేనె రంగుకు తిరిగిన అద్దానికైతే రెండే. వేలితో కాస్త వంచితే చిటపటమనే అద్దమైతే సీసా కొనకండి, ఆ డబ్బు కొత్త షీటుకు దాచుకోండి.