బ్యాండు లెక్కలో 88, నా లెక్కలో 9

అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్-2కి చదువుతున్నాను. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటే ఒకే పేరా నాలుగుసార్లు చదవాల్సి వస్తోంది. నిద్ర తేడా ఏమోనని 1,800 పెట్టి, చేతికి కట్టుకుంటే నిద్రని లెక్కగట్టే ఈ స్లీప్ బ్యాండ్ కొన్నాను. కంపెనీ పేరెందుకులెండి.

అడుగుల లెక్క బాగానే ఉంది, చార్జింగ్ ఐదు రోజులొస్తుంది. నిద్ర దగ్గరే వచ్చింది చిక్కు. ఓ రాత్రి రూమ్మేట్ ఫోన్ ముచ్చట్లు తెగక, గోడవైపు తిరిగి రెండింటిదాకా కదలకుండా మెలకువగానే పడుకున్నాను. పొద్దున యాప్ చూస్తే 'చక్కటి నిద్ర, 88'! కదలకుండా ఉంటే చాలు, దాని దృష్టిలో నిద్రపోయినట్టే. ఆ రోజు మాక్ టెస్టులో పదిహేను పన్నెండ్లు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టాను.

సైకాలజీ చదివే మా అక్క పిట్స్‌బర్గ్ ప్రశ్నాపత్రం పంపింది. 1989 నాటిది. గడిచిన నెల నిద్ర గురించి మనమే జవాబులు రాసుకునే 19 ప్రశ్నలు. స్కోరు 0 నుంచి 21. 5 దాటితే నిద్ర బాగోలేనట్టు. నాకు 9. "చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనేరా" అని ఫోన్లో క్లాసు కూడా పీకింది. మన నోటిమాటే కాబట్టి ఆ ప్రశ్నల స్కోరూ పక్కా లెక్క కాదు. చిరాకున్న రోజు అన్నీ ఎక్కువే వేసుకుంటాం. అయినా నా తలబరువు సంగతి దానికే తెలిసింది.

బ్యాండుకి రెండు స్టార్లు. పట్టీ అప్పుడే చెమటకి పాలిపోయింది. తర్వాత కొన్న 120 రూపాయల ఇయర్‌ప్లగ్స్‌కి మాత్రం అయిదు.