250 జీఎస్ఎం టార్పాలిన్ పట్ట, రెండు తుపాను సీజన్లు కప్పినాక చెప్తున్నా

మాది కావలి దగ్గర పల్లెటూరు, సముద్రానికి బాగా దగ్గర. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు ఈశాన్య రుతుపవనాలే దిక్కు, చెరువు నిండాలన్నా అవే, కొంప మునగాలన్నా అవే. బర్రెల కొట్టం మీద రేకులు మా నాయన వేయించినవి, చిల్లులు లెక్కబెట్టడం ఎప్పుడో మానేశాం, అందుకే దసరా అయిపోతానే పట్ట ఎట్టుండాదో తీసి చూసుకుంటాం.

ముందు పాత పట్ట సంగతి చెప్పాలి. 2023లో మిచాంగ్ వచ్చింది గదా (మయన్మార్ వాళ్ళు పెట్టిన పేరు, టీవీలో ఒకరు మిచాంగ్ అంటారు ఇంకొకరు మిగ్‌జాం అంటారు, మా అమ్మ మాత్రం మిక్చరు తుపాను అనేసింది), డిసెంబరు 3 ఆదివారం హడావిడిగా పోయి ఒక షాపులో 15 బై 18 అడుగుల నీలం పట్ట తెచ్చినా, కవరు మీద 200 జీఎస్ఎం (పట్ట బరువు లెక్క, కింద చెప్తా) అని ఇంతింత అక్షరాలు. అది బాపట్ల దగ్గర తీరం దాటింది 5వ తేదీ మధ్యాహ్నం, గానీ దాటే ముందు మా ఒడ్డు పక్కనే రాసుకుంటా పైకి పోయింది, సోమవారం రాత్రంతా కొట్టం మీద ఎవరో గుడ్డలు ఉతుకుతున్నట్టు ఒకటే చప్పుడు. తెల్లారి చూస్తే పట్ట అంచుకి తాడు కట్టే రింగులన్నీ తాడుతో పాటు గుంజకే ఉండాయి, పట్ట మాత్రం పీలికలై రేకుల చివర తోరణాల మాదిరి ఊగతా ఉంది.

నెల్లూరోళ్ళకి చలేంది అంటారు, నిజమే, మాకు స్వెటరంటే తిరపతి కొండకి పోయేటప్పుడు పెట్టెలో పెట్టుకునేదే. కానీ ఆ రెండ్రోజులు ఎండ పొడ లేదు, ఒళ్ళు తడిసినాక ఆ గాలి తగిలితే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నెల కూడా నిండని దూడ నిలబడలేక వణికిపోతా ఉంటే గోనెసంచులు కప్పి వంటింట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టినాం. దాన్ని చూసినాకే నాకు కోపం ఎక్కింది.

ఆ కోపంలో పీలికలన్నీ ఎండబెట్టి, మూటగట్టి, చిల్లరకొట్టు కాటా మీద పెట్టినా. జీఎస్ఎం అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు, ఒక చదరపు మీటరు పట్ట ఎన్ని గ్రాములుందో అదే. 15 బై 18 అంటే సుమారు 25 చదరపు మీటర్లు, 200 లెక్కన 5 కేజీలు తూగాల. తూగింది 3 కేజీల చిల్లర. గాలికి ఒకటో రెండో ముక్కలు ఎగిరిపోయినాయి అనుకున్నా కూడా రెండు కేజీలు ఎగరవు గదా సామీ. షాపాయన్ని అడిగితే "కంపెనీ వాళ్ళు ఏసిందే నేను అమ్మేది" అన్నాడు, అంతే.

అందుకని 2024 అక్టోబరులో నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకి పోయి, ఒక హోల్‌సేల్ కొట్లో 18 బై 24 పట్ట, 250 జీఎస్ఎం అడిగి, తూకం వేసి చూపించమన్నా. "ఏంది అబ్బయ్యా, బంగారం కొంటా ఉండావా" అని నవ్వినాడు గానీ వేసినాడు. 10 కేజీలు రావాల, 9 కేజీల 800 వచ్చింది. రేటు 2,400 పడింది, బేరం ఆడితే వంద తగ్గించినాడు.

పనితనం బావుంది. అంచు మడిచి లోపల తాడు పెట్టి అతికించినారు, నాలుగు మూలలకీ డబుల్ ముక్క ఉంది. ఆ ఏడు ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు మాకు వానే, గాలి పెద్దగా లేదు కాబట్టి అది పరీక్ష కింద లెక్కేయను. మొన్న 2025 అక్టోబరులో మొంథా తుపాను అప్పుడు మాత్రం కావలి, ఉలవపాడు వైపు కుమ్మేసింది, ఒక్క రింగు కూడా ఊడలా. ఇందులో సగం పుణ్యం సైకిల్ ట్యూబులది, తాడు నేరుగా రింగుకి కట్టకుండా మధ్యలో ట్యూబు ముక్క వేసినా, గాలి లాగినప్పుడు సాగతాది, మళ్ళీ వెనక్కి వస్తాది. రేకు అంచు కోసేకాడ గోనెపట్టా మడిచి పెట్టాల, అది మర్చిపోయిన చోట గీత పడింది.

తిట్టాల్సినవి కూడా ఉండాయి. ఒక్కరితో పైకెక్కించడం కాదు, ఇద్దరు కావాల. చలికాలంలో నాలుగు వైపులా దించి కట్టేస్తే బర్రెల ఊపిరి పైకి పోయి పట్ట లోపలి వైపు చెమట పట్టినట్టు నీళ్ళై, తెల్లవారుజామున టపటపా వాటి వీపు మీదే పడతాది, వాన లేకుండానే తడిసినాయి పాపం. దక్షిణం వైపు జానెడు సందు వదిలినాక తగ్గింది. ఫిబ్రవరి రాగానే దించేయండి, మన ఎండలకి ఏ పట్టయినా పెళుసెక్కిపోతాది, ఆరబెట్టి మడవకపోతే వాసన, కింద పెడితే ఎలుకలు.

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తా. ఇంకో అల్పపీడనం అంటా ఉండారు టీవీలో, మా పట్టేమో బావ రొయ్యల గుంట కాడ మేత బస్తాల మీదుంది, రేపు ఇస్తా అన్నాడు, అది పోయిన వారం మాట.