లోరా వద్దనుకుంటే: ఎన్‌ఆర్‌ఎఫ్52840, సీసీ1312ఆర్‌లలో ఏది?

లోరా అంటే తక్కువ కరెంటుతో చాలా దూరం డేటా పంపే వైర్‌లెస్ పద్ధతి. దాని మాడ్యులేషన్ (డేటాను రేడియో తరంగాల్లోకి ఎక్కించే తీరు) సెమ్‌టెక్ కంపెనీ సొంత సొత్తు. వివరాలన్నీ బయట ఉండే పద్ధతే కావాలనుకుంటే నా ముందు మిగిలేవి ఈ రెండు రేడియో చిప్‌లే.

నార్డిక్ వారి ఎన్‌ఆర్‌ఎఫ్52840 పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. బ్లూటూత్, 802.15.4 (జిగ్‌బీ లాంటివి వాడే రేడియో ప్రమాణం) రెండూ వస్తాయి. 1 ఎంబీ ఫ్లాష్, 256 కేబీ ర్యామ్ ఉండటంతో కోడ్ రాసేటప్పుడు చోటు చాలదన్న టెన్షన్ ఉండదు. ఫోన్‌తో నేరుగా మాట్లాడుతుంది కూడా.

టీఐ వారి సీసీ1312ఆర్‌ది 1 గిగాహెర్ట్జ్ లోపు బ్యాండ్, మామూలు జీఎఫ్ఎస్‌కే (ఫ్రీక్వెన్సీని కొద్దిగా అటూ ఇటూ మార్చి డేటా పంపే పద్ధతి). ర్యామ్ 80 కేబీయే, కానీ గోడలు దాటి దూరం వెళ్లాలంటే ఈ రెండింట్లో ఇదే మేలు. ఒక్కటి మాత్రం మరవద్దు: 14 డీబీఎం (సిగ్నల్ పవర్‌కు కొలత)తో పంపేటప్పుడు సుమారు 25 మిల్లీఆంపియర్లు లాగుతుంది. నాణెం బ్యాటరీ పెట్టి చూడండి, ప్యాకెట్ వెళ్లే క్షణాన వోల్టేజీ కుంగిపోతుంది, చలిలో మరీనూ. పక్కన పెద్ద కెపాసిటర్ పెట్టాల్సిందే, లేదా పవర్ తగ్గించాలి. నార్డిక్ చిప్ 0 డీబీఎం దగ్గర 5 మిల్లీఆంపియర్ల లోపే సరిపెట్టుకుంటుంది.

ఇంట్లో సెన్సర్లకు నేను నార్డిక్‌నే తీసుకుంటాను. పొలం చివర మోటారు దగ్గర పెట్టాలంటే మాత్రం సీసీ1312ఆర్, దాంతోపాటు కాస్త పెద్ద బ్యాటరీ.