ఐదు టన్నుల ఈఓటీ క్రేన్: సింగిల్ గర్డరా, డబుల్ గర్డరా?

బాలానగర్, జీడిమెట్ల, గాజువాక ఆటోనగర్‌లలో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు నడిపేవాళ్లు ఈఓటీ క్రేన్ (షెడ్డులో ఎత్తున రెండు పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్) కొనేటప్పుడు, దాని అడ్డదూలం, అంటే గర్డర్, ఒకటి చాలా, రెండు కావాలా అని మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: "డబుల్ గర్డర్ అయితే గట్టిగా ఉంటుంది కదా?" ఐదు టన్నులకు సరిగ్గా డిజైన్ చేస్తే సింగిల్ గర్డరూ అంతే గట్టిగా మోస్తుంది. తేల్చాల్సింది గట్టితనం కాదు, ఎత్తు.

డబుల్ గర్డర్‌లో క్రాబ్ (బరువెత్తే యంత్రాన్ని మోసే చక్రాల బండి) గర్డర్ల మీద నడుస్తుంది, హుక్ రెండింటి నడుమ నుంచి పైదాకా వస్తుంది. సింగిల్‌లో హాయిస్ట్ (బరువెత్తే యంత్రం) గర్డర్ కింద వేలాడుతుంది కాబట్టి, మామూలు హాయిస్ట్ అయితే హుక్ సుమారు ఒక మీటరు కిందే ఆగిపోతుంది. డబుల్ మేలనిపించేది ఇక్కడే. కానీ ఆ క్రాబ్‌కు రైలు (క్రేన్ నడిచే పట్టా) పైన మీటరు, మీటరున్నర ఖాళీ కావాలి. పాత షెడ్డులో ట్రస్ (కప్పును మోసే ఇనుప చట్రం) అడ్డొస్తే రైలునే కిందికి దించాలి, దాంతో వచ్చిన ఎత్తు వచ్చినట్టే పోతుంది. అందుకే కొటేషన్ అడిగే ముందే రైలు పై అంచు నుంచి ట్రస్ అడుగు దాకా టేపు పెట్టి కొలవండి. ట్రస్‌కు వేలాడే లైట్లు, ఫ్యాన్లు, పైపులు కూడా లెక్కలో చేరాలి.

ఖాళీ తక్కువగా ఉంటే లో-హెడ్‌రూమ్ హాయిస్ట్ (తక్కువ ఎత్తులో ఇమిడేది) పెట్టిన సింగిల్ గర్డరే నా ఓటు. ఇందులో హాయిస్ట్ గర్డర్ కింద కాకుండా దాని పక్కన ఉంటుంది కాబట్టి పోయిన ఎత్తులో కొంత తిరిగి వస్తుంది.

తర్వాతి లెక్క స్తంభాలది. 15 మీటర్ల స్పాన్ (రెండు రైళ్ల మధ్య దూరం), క్రేన్ బరువు 4 టన్నులు, హాయిస్ట్ అర టన్ను అనుకోండి. హుక్ ఒక వైపు రైలుకు మీటరు దూరం దాకా వస్తే, ఆ వైపు రెండు చక్రాల మీద పడేది 7.1 టన్నులు, అంటే చక్రానికి 3.6. ఇంపాక్ట్ (కుదుపు వల్ల పడే అదనపు బరువు) 25 శాతం కలిపితే 4.5. అదే డబుల్‌లో క్రేన్ 6.5, క్రాబ్ 1.5 టన్నులైతే చక్రానికి 4.7, ఇంపాక్ట్‌తో 5.8. స్తంభం, పునాది, బోల్టులు అన్నీ దానికి తగ్గట్టే పెరుగుతాయి. దీనికి తోడు ఎత్తే బరువు, క్రాబ్ కలిపిన మొత్తంలో 10 శాతం అడ్డంగా తోస్తుంది. క్రేన్‌కు డిజైన్ కాని పాత స్తంభానికి బ్రాకెట్ వెల్డ్ చేసి గ్యాంట్రీ (రైలును మోసే బీము) ఎక్కించడం ప్రమాదం. పక్కనే వేరే స్తంభాలు నిలపండి.

గ్యాంట్రీ బీము వంపు ఎలక్ట్రిక్ క్రేన్‌కు ఆ బీము పొడవులో, అంటే స్తంభం నుంచి స్తంభానికి ఉన్న దూరంలో, 750వ వంతు దాటకూడదు. స్తంభాల మధ్య 6 మీటర్లు ఉంటే 8 మిల్లీమీటర్లు. రెండు రైళ్ల మధ్య దూరాన్ని ప్రతి స్తంభం దగ్గరా కొలవండి, తేడా 5 మిల్లీమీటర్లలోపే ఉండాలి. ఇక్కడ అలసత్వం చూపితే చక్రాల ఫ్లాంజ్ (రైలు మీంచి జారకుండా ఉంచే అంచు) ఒక వైపే అరుగుతుంది, క్రేన్ కీచుమంటూ పక్కకు లాగుతుంది. ఆపరేటర్లు ముందు తిట్టుకునేది మోటార్‌ని, తప్పు మాత్రం రైలుది. రైలు జాయింట్లు గ్రైండ్ చేసి నున్నగా ఉంచండి, చివర్లలో స్టాపర్లు తప్పనిసరి.

పది టన్నులు దాటినా, స్పాన్ 20 మీటర్లు మించినా, మూడు షిఫ్టులు ఎడతెగకుండా నడిచినా డబుల్ గర్డర్ వైపే వెళ్లండి. అలాంటి పనిలో పైన నడక దారి ఉంటే మెయింటెనెన్స్ సులువు. లేత్ మీదికి జాబ్ ఎక్కించడానికే అయితే జిబ్ క్రేన్ (ఒకే స్తంభం మీద చెయ్యిలా తిరిగేది) చాలు, కానీ దాని పునాదిని తేలిగ్గా తీసుకోకండి. రూఫ్‌కు వేలాడే అండర్‌స్లంగ్ క్రేన్ చిన్న బరువులకే.

ఏది వేసినా ట్రావెల్ మోటార్లకు (క్రేన్‌ను నడిపే మోటార్లకు) వీఎఫ్‌డీ, అంటే వేగాన్ని మెల్లగా పెంచి తగ్గించే పరికరం, పెట్టించండి, లోడు ఊగడం బాగా తగ్గుతుంది. అప్పగించే రోజు 25 శాతం ఎక్కువతో, అంటే 6.25 టన్నులతో, పరీక్ష చేయించండి. లోడు కాస్త ఎత్తి పట్టి ఉంచి బ్రేకు జారుతోందేమో చూడండి, దించాక బ్రాకెట్ బోల్టులు మళ్లీ బిగించి చూడండి. ఆ తర్వాత, 2025లో రద్దయ్యే దాకా ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 29 కోరినట్టే, 12 నెలలకు కనీసం ఒకసారి కాంపిటెంట్ పర్సన్‌తో (ప్రభుత్వ గుర్తింపు ఉన్న తనిఖీ నిపుణుడితో) తనిఖీ చేయించి, రిజిస్టర్‌లో రాయించాలి.